విరాళాల సొమ్ము మందుల స్టార్టప్‌కి: గ్రాంటా, రాయల్టీయా, వాటాయా?

ఏదో ఒక జబ్బు కోసమే పుట్టిన ఛారిటీ దగ్గరికి ఒక స్టార్టప్ వచ్చి, మందు మా చేతిలో ఉంది, డబ్బే లేదు అంటుంది. మామూలు పెట్టుబడిదారులు జంకేది ఈ దశలోనే. డబ్బు ఇవ్వాలనుకున్నాక ఛారిటీకి మూడు దారులున్నాయి: తిరిగి అడగని గ్రాంట్, మందు అమ్మకాల్లో కొంత శాతం తీసుకునే రాయల్టీ, లేదా కంపెనీలో వాటా.

గ్రాంట్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. అమెరికాలో జనం పది సెంట్ల నాణేలు పోగేసి పంపితే, ఆ విరాళాలతోనే జోనస్ సాల్క్ పోలియో టీకా 1955లో బయటికొచ్చింది. కాకపోతే ఆ డబ్బు వెళ్లింది యూనివర్సిటీ ల్యాబ్‌కి. రేపు లాభాలు పంచుకునే కంపెనీకి ఊరికే ఇస్తే, మాకేం మిగిలిందని దాతలు అడగరా?

రాయల్టీ దారిలో అందరూ చెప్పుకునేది సిస్టిక్ ఫైబ్రోసిస్ ఫౌండేషన్ కథ. ఊపిరితిత్తుల్లో చిక్కటి కఫం పేరుకుపోయే ఈ జబ్బు అమెరికాలో వేలమందికే ఉంది కాబట్టి పెద్ద కంపెనీలు పట్టించుకోలేదు. మందు కనిపెట్టడానికి డబ్బిచ్చి, అమ్మకాల్లో రాయల్టీ తీసుకునేలా ఫౌండేషన్ అరోరా అనే చిన్న కంపెనీతో ఒప్పందం చేసుకుంది. 2001లో వెర్టెక్స్ అనే మందుల కంపెనీ అరోరాను కొన్నాక కూడా ఫౌండేషన్ డబ్బు పంపడం ఆపలేదు. మొత్తం సుమారు 15 కోట్ల డాలర్లయింది. ఫలితం 2012లో అనుమతి పొందిన కాలిడెకో. కణం పైపొర దాకా వచ్చి కూడా తెరుచుకోని ప్రొటీన్ ద్వారాన్ని ఈ మందు తెరిచి ఉంచుతుంది. మొదట్లో అది పనికొచ్చింది నూటికి నలుగురైదుగురు రోగులకే. అయినా 2014లో ఫౌండేషన్ తన రాయల్టీ హక్కులను 330 కోట్ల డాలర్లకు అమ్మింది.

ఆ అంకె చూసి మిగతా ఛారిటీలకు కళ్లు చెదిరాయి. నన్నడిగితే, అసలు బలం ఇంకోచోట ఉంది. ఫౌండేషన్ చేతిలో దశాబ్దాలుగా నడుస్తున్న రోగుల రిజిస్ట్రీ, ట్రయల్స్ జరిపే ఆసుపత్రుల నెట్‌వర్క్ ఉన్నాయి. మందు ఎవరిమీద పరీక్షించాలో వెతుక్కునే తిప్పలు కంపెనీకి తప్పాయి. అవేమీ లేని ఛారిటీ చెక్కు మాత్రమే రాసిచ్చి అదే ఫలితం ఆశిస్తే ఎలా?

ఈ పద్ధతిలో నాకు నచ్చేది విడతలవారీ చెల్లింపు. ల్యాబ్‌లో అనుకున్న మైలురాయి దాటితేనే తర్వాతి విడత వస్తుంది. దాటకపోతే నష్టం అక్కడితో సరి. ఇబ్బందీ ఉంది. రాయల్టీ శాతం మరీ ఎక్కువ పెడితే తర్వాత వచ్చే పెట్టుబడిదారు వెనకడుగు వేస్తాడు.

వాటా సంగతికొస్తే, టైప్ 1 డయాబెటిస్ కోసం అప్పట్లో జేడీఆర్‌ఎఫ్ పేరుతో ఉన్న ఛారిటీ 2016లో ఒక ప్రత్యేక ఫండ్ పెట్టింది. అది డబ్బు పెట్టిన స్టార్టప్‌లలో సెమ్మా ఒకటి. హార్వర్డ్ శాస్త్రవేత్త డగ్లస్ మెల్టన్ తన ఇద్దరు పిల్లలు సామ్, ఎమ్మా పేర్లు కలిపి దానికి ఆ పేరు పెట్టాడు. ఇద్దరికీ ఇదే జబ్బు. 2019లో సెమ్మాను కూడా వెర్టెక్సే కొంది, 95 కోట్ల డాలర్లకు. లాభం వస్తే దాన్ని మరో స్టార్టప్‌లో పెట్టడం ఈ ఫండ్ పద్ధతి.

వినడానికి బాగుంది. కానీ తర్వాతి పెట్టుబడి రౌండ్లలో కొత్త డబ్బు వచ్చినకొద్దీ చిన్న వాటాదారు శాతం కరిగిపోతుంది. కంపెనీ మధ్యలో దారి మార్చి వేరే జబ్బు వెంట పడినా షేర్లు షేర్లుగానే ఉంటాయి, రోగికి మాత్రం ఒరిగేదేమీ ఉండదు. పైగా ఈ పని తెలిసిన మనుషులకు జీతాలివ్వాలి.

అందుకే చిన్న, మధ్యతరహా ఛారిటీకి విడతలవారీ డబ్బు, ఒక మోస్తరు రాయల్టీయే మేలంటాను. ఇందులోనూ ఒక తలనొప్పి తప్పదు. 2012లో మార్కెట్లోకి వచ్చినప్పుడే కాలిడెకో ధర ఏడాదికి దాదాపు 3 లక్షల డాలర్లు. ధర ఎంత పెరిగితే రాయల్టీ అంత పెరుగుతుంది. అలాంటప్పుడు ధర తగ్గించమని ఛారిటీ ఏ నోటితో అడుగుతుంది? వాటా ఉన్నా ఇదే ఇరకాటం.

శాతం దగ్గర పట్టువిడుపులుండొచ్చు. ఒక క్లాజు మాత్రం వదులుకోకూడదు: కంపెనీ పరిశోధన ఆపేసి మందును అటక మీద పడేస్తే, దాన్ని తీసుకుని మరొకరితో ముందుకు నడిపే హక్కు ఛారిటీకి రావాలి. దానికి ఒప్పుకోని స్టార్టప్ అయితే, ఆ డబ్బును గ్రాంట్‌గా ఏదైనా యూనివర్సిటీ ల్యాబ్‌కి ఇచ్చేయడమే నయం.