శ్రీకాకుళంలో ‘మూలికల’ క్యాప్సూల్స్ కొంటున్నవారికి హెచ్చరిక

శ్రీకాకుళం ఆర్టీసీ కాంప్లెక్స్ చుట్టుపక్కల గుడారం వేసుకుని, మగతనం పెంచే అచ్చమైన మూలికల మందు అని కరపత్రాలు పంచుతూ అమ్ముతున్న క్యాప్సూల్స్‌ను దయచేసి ఎవరూ కొనవద్దు. ముఖ్యంగా గుండె జబ్బు, సుగరు, బీపీ ఉన్నవారు వాటి జోలికి పోవద్దు. మా బావగారికి జరిగినదాన్ని ఆయన అనుమతితోనే రాస్తున్నాను.

బావగారికి చాలాకాలంగా సుగరు ఉంది. ఛాతీ నొప్పి వస్తే నాలుక కింద పెట్టుకోమని డాక్టరు ఇచ్చిన సార్బిట్రేట్ మాత్రలు ఎప్పుడూ ఆయన చొక్కా జేబులో ఉంటాయి. అంగస్తంభన సమస్యను ఆ డాక్టరుకే చెప్పుకోలేక, మూడు వేల రూపాయలు పోసి ఈ డబ్బా కొన్నారు. వేసుకున్న ప్రతిసారీ ముఖం ఎర్రబడి, తలనొప్పి వచ్చి, ముక్కు దిబ్బడ వేసేది. ఫోన్ చేస్తే, “మందు ఒంటికి పడుతోందండీ, కంగారు పడకండి” అన్నాడట అమ్మినవాడు. ఒక రాత్రి క్యాప్సూల్ వేసుకున్నాక ఛాతీ పట్టేసినట్టయి, అలవాటు ప్రకారం సార్బిట్రేట్ పెట్టుకున్నారు. కాసేపటికే ఒళ్లంతా చల్లటి చెమటలు పట్టి, మంచం దిగబోతూ కూలబడిపోయారు. 108లో ఆసుపత్రికి చేర్చేసరికి పై బీపీ 70 కూడా లేదు. అక్క మొహమాటపడకుండా ఆ డబ్బా తీసి డ్యూటీ డాక్టరు చేతిలో పెట్టినందువల్లే ఏం జరిగి ఉంటుందో వారు వెంటనే ఊహించగలిగారు.

అందులో సిల్డెనాఫిల్ (వయాగ్రాలో ఉండే మందు) కలిపి ఉంటారని డాక్టరుగారి అనుమానం. మూలికల పేరుతో అమ్మే ఇటువంటి మందుల్లో ఆ రసాయనం రహస్యంగా కలిసి ఉన్నట్టు పరీక్షల్లో బయటపడటం అనేక దేశాల్లో జరిగినదే. మొదట గుండె నొప్పి కోసం పరిశోధించిన ఈ మందుకు 1998లో అమెరికాలో అంగస్తంభన చికిత్సకు అనుమతి వచ్చింది. డాక్టరు రాసి ఇస్తే మంచి మందే. అయితే సార్బిట్రేట్ వంటి నైట్రేట్ మందులూ ఇదీ రక్తనాళాలను ఒకే మార్గంలో వదులు చేస్తాయి కనుక, రెండూ కలిస్తే బీపీ ప్రాణాంతకంగా పడిపోతుంది. సిల్డెనాఫిల్ వేసుకున్న 24 గంటల వరకు, అదే కోవకు చెందిన టడలాఫిల్ అయితే 48 గంటల వరకు నైట్రేట్ వాడకూడదు. డబ్బా మీద ఆ పేరే లేకపోతే రోగికి ఈ సంగతి తెలిసేదెలా?

ముప్పావుగంటలో పనిచేస్తుందని చెప్పడమే మొదటి అనుమానం కావాలి, ఎందుకంటే వేర్లు, ఆకులతో చేసిన మందులు సాధారణంగా అంత త్వరగా ఫలితం చూపవు. మాకు అంటగట్టిన డబ్బాపై లైసెన్సు నంబరు లేదు, బ్యాచ్ నంబరు లేదు, తయారీదారు చిరునామా లేదు. కిడ్నీ జబ్బుతో బాధపడుతున్న మన ఉద్దానం వారికి ఇది మరింత ప్రమాదం. మూత్రపిండాలు బాగా దెబ్బతిన్నవారి ఒంట్లో ఈ మందు ఎక్కువసేపు నిలిచిపోతుంది.

నన్ను ఎక్కువగా బాధిస్తున్న విషయం వేరొకటి ఉంది. అంగానికి రక్తం తీసుకువెళ్లే ధమనులు గుండె ధమనులకంటే సన్నవి కాబట్టి, పూడిక పడటం మొదలైతే లోపం ముందు అక్కడ కనబడుతుంది. గుండె నొప్పి చాలామందిలో రెండు మూడేళ్ల తరువాత గానీ బయటపడదు. అంటే నలభై, యాభై ఏళ్ల మనిషికి ఈ ఇబ్బంది కొత్తగా వచ్చిందంటే సుగరు, బీపీ, కొలెస్ట్రాల్, ఈసీజీ చూపించుకోవలసిన సమయం వచ్చిందన్నమాట. ఆ విలువైన వ్యవధిని ఈ గుడారాల వాళ్లు దోచుకుంటున్నారు.

లైంగిక శక్తి పెంచుతామని మందులను ప్రచారం చేయడాన్ని 1954 నాటి కేంద్ర చట్టమే నిషేధించింది. కనుక కరపత్రం, డబ్బా పారేయకుండా జిల్లా డ్రగ్ ఇన్‌స్పెక్టరుకు ఫిర్యాదుతో పాటు ఇవ్వండి. ఇప్పటికే ఇటువంటి క్యాప్సూల్ వేసుకున్నవారికి ఛాతీ నొప్పి వస్తే సార్బిట్రేట్ పెట్టకుండా 108కు ఫోన్ చేసి, ఏం వేసుకున్నారో, ఎన్ని గంటలకు వేసుకున్నారో సిబ్బందికి మొదటే చెప్పండి.