జాగ్రత్త: నా పొట్ట మీద పెడితే 138 చూపించిన హార్ట్‌బీట్ మిషన్

నల్లగొండ చుట్టుపక్కల ఎవరింట్లో గర్భిణి ఉన్నా ఆ సర్జికల్ షాపు వాడి వాట్సాప్ స్టేటస్ చూసే ఉంటారు. పేరు రాయను, తెలిసినవాళ్లకు తెలుసు. ఇంట్లోనే బిడ్డ గుండె చప్పుడు వినండి అని చిన్న మిషన్ ఫొటో పెడుతుంటాడే, అదే కొన్నాను. 2,800. మూడు వేలు చెప్తే రెండొందలు తగ్గించానని ఇంటికొచ్చి గొప్పలు కూడా చెప్పుకున్నాను.

మా ఆవిడకు ఇది రెండో కాన్పు. మొదటిది ఏడో నెలలో పోయింది. ఈసారి ఆరో నెల నుంచే బీపీ, బిడ్డ ఎదుగుదల కూడా తక్కువుంది. అందుకే డాక్టరమ్మ డాప్లర్ స్కాన్లు (బిడ్డకు రక్తం ఎట్లా అందుతోందో చూసేవి), వారానికి రెండుసార్లు ఎన్‌ఎస్‌టీ (పొట్టకు బెల్టులు కట్టి బిడ్డ గుండె వేగం కాసేపు గీతగా చూసే పరీక్ష) రాసింది. మాది హాలియా పక్క ఊరు. పోవడానికి గంట పైనే, రావడానికి గంట, పని పోతుంది. ఈ గోడే షాపు వాడికి చెప్పుకున్నా. "గీ మిషనుంటే మాటిమాటికి దవాఖానకు ఉరుకుడెందుకన్నా? డాక్టర్ ఇంట్ల ఉన్నట్టే" అన్నాడు. ఆ ఒక్క మాటకు పడిపోయాను. వారానికి రెండు ఎన్‌ఎస్‌టీల్లో ఒకటి ఎగ్గొట్టించాను కూడా. ఎగ్గొట్టించింది నేనే, వాడు కాదు.

పోయిన శనివారం రాత్రి, పొద్దటి నుంచి బిడ్డ సరిగ్గా కదలట్లేదని చెప్పింది. జెల్ రాసి మిషన్ పెట్టా. కాసేపు గరగర, తర్వాత 142. డబ్బాలో కాగితం మీద 110 నుంచి 160 వరకు మంచిదని ఉంది. ఇంకేం కావాలి? ఆదివారం మూడుసార్లు పెట్టా. 140, 144, 139. అత్తమ్మ ఒకటే పోరు: "మిషన్ సంగతి నాకెరుక లేదు బిడ్డా. కడుపుల కదులుడు తెలుస్తలేదని అదే చెప్తుంటే ఇంకేం చూస్తవ్? నడువు పోదాం." నేను పెద్ద డాక్టర్‌లాగా "హార్ట్‌బీట్ మంచిగున్నది అత్తమ్మా, టెన్షన్ పడకు" అన్నా. చదివింది ఐటీఐ ఫిట్టర్.

సోమవారం ఎన్‌ఎస్‌టీ ఉంది కాబట్టి పోయాం. లేకపోతే మంగళవారం కూడా జెల్ రాసుకుంటూ కూర్చునేవాణ్ని. బెల్టులు కట్టి 20 నిమిషాలు చూశారు. బిడ్డ గుండె వేగం ఉన్నదాని కంటే 15 పెరిగి, కనీసం 15 సెకన్లు నిలవాలట. అలా 20 నిమిషాల్లో రెండుసార్లైనా రావాలట. మా కాగితం మీద గీత చెరువు నీళ్లలా సాపుగా ఉంది. ఇంకో 20 నిమిషాలు చూశారు, అంతే. స్కాన్‌లో బొడ్డుతాడు రక్తప్రసారం బాగా లేదని తేలింది. ఆ మధ్యాహ్నమే ఆపరేషన్. 34 వారాలకు, 1.6 కిలోల ఆడబిడ్డ. ఎస్‌ఎన్‌సీయూలో, అంటే పసిపిల్లల ప్రత్యేక వార్డులో ఉంది, ఇవాళ్టికి నాలుగో రోజు. నిన్నటి నుంచి ఊపిరి తనే తీసుకుంటోంది.

డాక్టరమ్మకు మిషన్ సంగతి చెప్పా. ఆమె తిట్టలేదు, తిట్టినా బాగుండేది. "మీరు విన్నది తల్లి రక్తనాళం చప్పుడు అయ్యుండొచ్చు. ఇట్లాంటివి ఒక్కోసారి దాన్నే రెట్టింపు చేసి లెక్కపెడతాయి" అంది. మా ఆవిడ నాడి 70. ఇంకా ఏమందంటే, ఆ 142 నిజంగా బిడ్డదే అయినా లాభం లేదట. గుండె కొట్టుకుంటుందో లేదో అది చెప్తుంది గానీ బిడ్డ ఎట్లుందో చెప్పదు. ఇబ్బందిలో ఉన్న బిడ్డ ముందు కదలడం తగ్గిస్తుంది. ఆ ముక్క మా అత్తమ్మకు తెలుసు, నాకే తెలియలేదు.

నిన్న ఆ షాపుకు పోయా. కౌంటర్ మీద మిషన్ పెట్టి, అందరూ చూస్తుండగా చొక్కా ఎత్తి, జెల్ రాసి నా పొట్ట మీద పెట్టుకున్నా. కాసేపు అటూ ఇటూ జరిపితే 138 వచ్చింది. "నాకెన్నో నెల చెప్పు" అన్నా. పక్కన బీపీ మిషన్ కొనడానికొచ్చిన పెద్దాయన నవ్వాడు. వీడు నవ్వలేదు, సిగ్గు కూడా పడలేదు. చాయ్ గ్లాసు పక్కన పెట్టి, మెల్లగా డబ్బా తీసుకుని అడుగు భాగం పైకి తిప్పి, ఇంగ్లీషులో చీమతలంత అక్షరాల మీద వేలు పెట్టి చదివాడు. వైద్య నిర్ధారణకు వాడరాదు అని. "గిది చూస్కోకుండ ఎవలు వాడమన్నరన్నా? డాక్టర్ను అడగాలె కదా."

డాక్టర్ ఇంట్లో ఉన్నట్టే అన్న నోరే అది. అమ్మిన రోజు డబ్బా పైన నవ్వుతున్న పాప బొమ్మే చూపించాడు, అడుగున ఉన్నది చదవలేదు. వాడికి ఆ అక్షరాలు ఎక్కడున్నాయో వెతుక్కునే అవసరం కూడా రాలేదు, వేలు నేరుగా అక్కడికే పోయింది. అంటే నేను మొదటివాణ్ని కాదు. నాకు ఒళ్లు మండింది అక్కడే. పైసలు వాపస్ అడిగితే "ఓపెన్ చేసిన ఐటం" అన్నాడు. నేను ఇంకా అక్కడే నిలబడి ఉండగా ఇంకో జంట వస్తే అదే మిషన్ చూపించడం మొదలుపెట్టాడు. ఆ అమ్మాయికి ఏడో నెల ఉంటుంది. నేను నోరు విప్పేసరికి "అన్నకు కొంచెం టెన్షనున్నది, పట్టించుకోకండి" అన్నాడు. వాళ్లు కొనకుండానే పోయారులెండి.

రాత్రి ఎస్‌ఎన్‌సీయూ బయట కూర్చుని ఫోన్లో వెతికితే, ఇలాంటివి ఇంట్లో సొంతంగా వాడొద్దని అమెరికాలో మందులు, వైద్య పరికరాలు చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ 2014లోనే చెప్పిందని కనబడింది. కొనేముందు వెతకడానికి కూడా ఇదే ఫోన్ ఉండె నా దగ్గర.

కదలికలు తగ్గాయనిపిస్తే ఎడమ పక్కకు తిరిగి పడుకుని లెక్కపెట్టమని చెప్తారు, రెండు గంటల్లో పదైనా రావాలని. రాకపోయినా, రోజూ ఉన్నట్టు లేదని తల్లికి అనిపించినా, రాత్రి అనకుండా బయల్దేరండి. బండి లేకపోతే 108. బీపీ, షుగర్, ఎదుగుదల తక్కువున్న వాళ్లయితే లెక్కపెడుతూ కూడా కూర్చోకండి. ఇంకోటి, ఏం కొన్నా బిల్లు తీసుకోండి. నాకు వాడు ఎస్టిమేట్ చీటీ ఇచ్చాడు, షాపు పేరు కూడా లేదు దాని మీద. కన్జ్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయడానికి ఆ చీటీ చేత్తో పట్టుకుని చూస్తున్నా.

పాలు లోపల ఇచ్చే టైమైంది, సిస్టర్ పిలుస్తోంది. షాపు ఏదో కావాలంటే విడిగా అడగండి, చెప్తా.