వెంటాడాలా, దారి కాయాలా, వెనక్కి తిరగాలా? శత్రునౌక పారిపోతున్నప్పుడు కెప్టెన్‌కు ఏది మేలు?

మారుమూల నక్షత్రం దగ్గర ఉన్న చిన్న పరిశోధన కేంద్రం మీద ఒక పరాయి నౌక దాడి చేసింది. కేంద్రం సగం కాలిపోయింది. బతికినవాళ్ళు సాయం కోసం సంకేతాలు పంపుతున్నారు. మన అంతరిక్ష నౌక అక్కడికి చేరేసరికి దాడి చేసిన నౌక ఆ నక్షత్రం చుట్టూ ముసురుకున్న ధూళి వలయం వైపు పారిపోతోంది. కెప్టెన్ ముందు మూడు దారులున్నాయి. వెంటనే తరుముకుంటూ ధూళిలోకి దూరవచ్చు. ధూళి బయటే ఆగి, శత్రువు ఎక్కడ తేలుతాడో కనిపెట్టుకుని ఉండవచ్చు. లేదా తరమడం మాని, కేంద్రంలో మిగిలినవాళ్ళను కాపాడవచ్చు.

కడపలో ఎర్రముక్కపల్లి వైపు మేము కొందరం ఆదివారాలు కలుసుకుని విజ్ఞాన కల్పిత కథలు చదువుకుంటాం. ఇప్పుడు అందరం కలిసి ఒక పెద్ద కథ రాస్తున్నాం. పైన చెప్పిన సన్నివేశం దగ్గర మా బృందం మూడు ముక్కలైంది. కాలేజీ పిల్లల్లో ఎక్కువమంది తరమాల్సిందే అంటున్నారు. నేను భౌతికశాస్త్రం చెప్పే ఉపాధ్యాయుణ్ణి. కథను తెలిసిన ప్రకృతి సూత్రాల మీదే నడపాలని, వెలుతురు కన్నా వేగంగా పోయే మాయ ఇంజన్లు వద్దని మేము ముందే ఒప్పుకున్నాం. ఆ ఒప్పందం మీద నిలబడితే తరమడమే అన్నిటికన్నా బలహీనమైన దారి అని నా తీర్పు. ఒకే ఒక్క పరిస్థితిలో మాత్రం నేనూ తరమమనే అంటాను. దాని సంగతి తర్వాత చెబుతాను.

తరమాలనేవాళ్ళ వాదనను చులకన చేయను. ఈరోజు వదిలేస్తే రేపు వాడు ఇంకో కేంద్రాన్ని తగలబెడతాడు. జాడ చల్లారాక వెతకడం కష్టం. తమ వాళ్ళ శవాలను చూసిన సిబ్బందిని చేతులు కట్టుకుని కూర్చోమనడం ఇంకా కష్టం. ఇవన్నీ నిజాలే. అయితే తరమడం అంటే మన మనసులో మెదిలేది నేల మీది పరుగు. ముందువాడు అరవైలో పోతుంటే నేను ఎనభైలో పోయి అందుకుంటాను అనే లెక్క. అంతరిక్షంలో ఆ లెక్క పనిచేయదు.

దీన్ని మనుషులు మొదటిసారి అనుభవంతో తెలుసుకున్నది 1965 జూన్‌లో. అమెరికా అంతరిక్ష నౌక జెమిని 4 వ్యోమగామి జేమ్స్ మెక్‌డివిట్, తమను కక్ష్యలోకి చేర్చి విడిపోయిన రాకెట్ దశ పక్కకు మళ్ళీ వెళ్ళాలని చూశారు. అది కళ్ళ ముందే ఉంది. ముక్కును దానివైపు తిప్పి ఇంజన్ వెలిగించారు. దగ్గరవడానికి బదులు అది దూరమైంది. మళ్ళీ వెలిగించారు, ఇంకా దూరమైంది. ఇంధనం తరిగిపోతుంటే ఆ ప్రయత్నం మానేయాల్సి వచ్చింది. కక్ష్యలో వేగం పెంచితే నౌక పైకి లేస్తుంది. పై కక్ష్యలో చుట్టు పూర్తికావడానికి ఎక్కువసేపు పడుతుంది కాబట్టి చివరికి వెనకబడుతుంది. ముందున్నదాన్ని అందుకోవాలంటే వేగం తగ్గించి కింది కక్ష్యలోకి దిగి, తక్కువ సమయంలో చుట్టి రావాలి. ఆ విద్య పట్టుబడ్డాకే అదే ఏడాది డిసెంబరు 15న జెమిని 6ఎ, జెమిని 7 ఒకదానికొకటి అడుగు దూరంలోకి రాగలిగాయి. భూమి చుట్టూ ఉన్న ఈ సూత్రమే మా కథలోని నక్షత్రం చుట్టూ కూడా వర్తిస్తుంది. కళ్ళెదుట కనిపిస్తున్న శత్రువు వైపు కోపంతో ఇంజన్ వెలిగించిన కెప్టెన్ వాణ్ణి పోగొట్టుకోవచ్చు కూడా.

మన ఇస్రో స్పేడెక్స్ జంట ఉపగ్రహాలను ఎలా కలిపిందో ఇక్కడ గుర్తు చేసుకోవాలి. 2024 డిసెంబరు 30న శ్రీహరికోట నుంచి పంపారు. 2025 జనవరి 12న రెంటినీ 15 మీటర్లకు, తర్వాత 3 మీటర్లకు తెచ్చారు. చెయ్యి చాపితే అందే దూరం అది. అక్కడి నుంచి మళ్ళీ వెనక్కి, సురక్షితమైన దూరానికి జరిపి, వచ్చిన సమాచారాన్ని పరిశీలించుకున్నారు. జనవరి 16న కలిపారు. దేశమంతా ఎదురుచూస్తుండగా మూడు మీటర్ల దగ్గర వెనక్కి తగ్గడానికి ఎంత నిబ్బరం కావాలో! మా కథలోని కెప్టెన్‌కు ఆ నిబ్బరమే ఉండాలని నా పట్టుదల. పైగా అక్కడ రెండు ఉపగ్రహాలూ మనవే, రెండూ చెప్పిన మాట వినేవే. ఎదురుతిరిగే నౌకతో ఆ పని ఇంకెంత కష్టమో ఆలోచించండి.

ఇక ఇంధనం. ఈ సంగతి పిల్లలకు బోర్డు మీద అంకెలు వేసి చూపించాను. ఖాళీగా ఉంటే ఒక టన్ను తూగే నౌక అనుకుందాం. దానికి తరమడానికి కావలసిన వేగం రావాలంటే, బయలుదేరేటప్పుడు ఇంధనంతో కలిపి మూడు టన్నులు ఉండాలి అనుకుందాం. అంత వేగంతో పోయాక ఆగాలి, ఆగడానికీ అంతే వేగాన్ని చంపుకోవాలి. ఇంటివైపు మళ్ళీ అంతే వేగం, ఇంటి దగ్గర మళ్ళీ ఆగడం. మొత్తం నాలుగుసార్లు. సామాన్యంగా తట్టేది నాలుగు మూళ్ళు పన్నెండు టన్నులు అని. కానీ తర్వాతి మంటలకు కావలసిన ఇంధనాన్ని కూడా మొదటి నుంచీ మోసుకుపోవాలి కాబట్టి, రాకెట్ సూత్రం ప్రకారం మూడును నాలుగుసార్లు వేసి గుణించాలి, అంటే 81 టన్నులు. మొదటి ఉరుకుకే 54 టన్నులు బూడిదై 27 మిగులుతాయి. ఆగేసరికి 9, తిరుగు ప్రయాణం మొదలయ్యేసరికి 3, ఇల్లు చేరేసరికి 1. తరమడానికి వెలిగించే ప్రతి మంటకూ దాన్ని చల్లార్చే ఇంకో మంట అప్పు పడుతుంది. పారిపోయేవాడికి ఆ అప్పు లేకపోవచ్చు. వాడి ఇల్లు అటువైపే ఉంటే వాడు తిరిగి రానక్కర్లేదు. ఆవేశంలో ఉన్న సిబ్బందికి ఈ తేడా కనబడదు, కనబడేలా చేయాల్సింది కెప్టెనే.

ధూళిలోకి దూరడం గురించి కూడా మనకు కొన్ని తప్పుడు ఊహలున్నాయి. నిహారిక అంటే దట్టమైన పొగమంచు అనుకుంటాం. ఓరియన్ నిహారికలో చిక్కగా ఉన్నచోట కూడా ఘన సెంటీమీటరుకు వేల సంఖ్యలో పరమాణువులు ఉంటాయి. మనం పీల్చే గాలిలో అదే స్థలంలో కోట్ల కోట్ల అణువులుంటాయి. అలాంటి నిహారికలో దాక్కోవడం ఆరుబయట దాక్కోవడమే. అందుకే మేము నిహారికను కొట్టేసి, గ్రహాలు పుట్టబోతున్న పసి నక్షత్రం వలయాన్ని తీసుకున్నాం. అందులో ధూళితోపాటు గులకరాళ్ళు, బండరాళ్ళు కూడా ఉంటాయి. అసలు ప్రమాదం వాటితోనే. సెకనుకు 10 కిలోమీటర్ల వేగంతో పోయే నౌకకు కిలో రాయి ఎదురుగా తగిలితే వెలువడే శక్తి దాదాపు 12 కిలోల టీఎన్‌టీ అనే పేలుడు పదార్థం పేలినంత. పారిపోయేవాడు ఆయుధం వాడనక్కర్లేదు, దారిలో గుప్పెడు ఇనుప గుండ్లు వదిలి వేగం పెంచితే చాలు. అదే దారిలో వేగం పుంజుకుంటూ వచ్చే నౌక తనంతట తానే వాటిని ఢీకొంటుంది.

రెండో దారికి వద్దాం. కాపు కాయడాన్ని చేతకానితనంగా చూడడం నాకు నచ్చదు. శూన్యంలో వేడిని దాచడం దాదాపు అసాధ్యం. ఇంజన్, మనుషులు, యంత్రాలు పుట్టించే వేడంతా ఎప్పటికప్పుడు కిరణాలుగా బయటికి పోవాల్సిందే, లేకపోతే లోపలివాళ్ళు ఉడికిపోతారు. వలయం లోపల ఉన్నంతసేపు వెచ్చని ధూళి వెలుగులో శత్రువు వేడి కలిసిపోవచ్చు. బయటికి వచ్చి ఇంజన్ వెలిగించిన క్షణాన దొరికిపోతాడు. ఆగి ఉన్నవాడు ఇంధనం కాల్చడు, రాళ్ళు తినడు, నిదానంగా చూస్తాడు.

దీనికీ ఒక పెద్ద లోపం ఉంది. మా బృందంలో ఇంజనీరింగ్ చదువుతున్న అమ్మాయి దాన్ని సూటిగా పట్టుకుంది: "సార్, గుహకైతే ఒక నోరు ఉంటుంది, అక్కడ కాపు కాయొచ్చు. వలయానికి నోరెక్కడిది? వందల కోట్ల కిలోమీటర్ల వెడల్పు, పైనా కిందా తెరిచే ఉంటుంది." ఆమె మాట అక్షరాలా నిజం. దానికి జవాబు నాకు సముద్ర చరిత్రలో దొరికింది.

1914 సెప్టెంబరు 22 రాత్రి మద్రాసు మీద గుండ్లు కురిపించి చమురు ట్యాంకులు తగలబెట్టిన జర్మన్ నౌక ఎండెన్ కథ మన పెద్దలు చెప్పుకునేవాళ్ళు. హిందూ మహాసముద్రమంతా దానికోసం గాలించారు. అది దొరికింది తరిమినందువల్ల కాదు. నవంబరు 9న కోకోస్ దీవుల్లోని తంతి కేంద్రాన్ని ధ్వంసం చేయడానికి తానే వచ్చింది. ఆ కేంద్రం వాళ్ళు వైర్‌లెస్‌లో కేక పెట్టారు. దగ్గరలో సైనికులను మోసుకెళ్తున్న ఓడల బారుకు కాపలాగా ఉన్న ఆస్ట్రేలియా నౌక సిడ్నీ వెళ్ళి దాన్ని దెబ్బతీసింది. అదే బారులో ఉన్న జపాన్ నౌక ఇబుకి తానూ వెళతానని అడిగితే ఒప్పుకోలేదు, కాపలా ఖాళీ కాకూడదని. నేను ఆ అమ్మాయికి చెప్పిన జవాబు ఇదే. సముద్రానికీ నోరు లేదు. శత్రువు రాక తప్పని చోటు ఏదో కనుక్కోవాలి. వాడికి ఇంధనం ఎక్కడ, నీళ్ళు ఎక్కడ, ఇల్లు ఎటు? కాపు అక్కడ పెట్టాలి.

1939 డిసెంబరు 13న జర్మన్ యుద్ధనౌక గ్రాఫ్ స్పేతో మూడు బ్రిటిష్ క్రూయిజర్లు తలపడ్డాయి. పోరు తర్వాత అది పారిపోతుంటే మిగిలిన రెండూ దాని ఫిరంగులకు అందకుండా దూరంగా ఉంటూ, జాడ మాత్రం వదలకుండా వెంట వెళ్ళాయి. అది మాంటెవీడియో రేవులో దూరింది. ఇవి బయట కాచుకున్నాయి. పెద్ద నౌకాదళం వచ్చేసిందన్న వదంతులు లోపలికి చేరాయి. 17న దాని కెప్టెనే దాన్ని ముంచేశాడు. దీని పక్కన 1941 నవంబరు 19ని పెట్టి చూడండి. సిడ్నీ పేరే పెట్టుకున్న ఇంకో ఆస్ట్రేలియా క్రూయిజర్, డచ్చి వర్తక నౌక వేషంలో ఉన్న జర్మన్ దాడినౌక కోర్మొరాన్‌ను అనుమానించింది. అయినా కిలోమీటరు చిల్లర దూరంలోకి వెళ్ళిపోయింది. రెండూ మునిగాయి. సిడ్నీలోని 645 మందిలో ఒక్కరు కూడా మిగలలేదు. దాని శిథిలాలు 2008 మార్చిలో గానీ దొరకలేదు. దూరంలో ఉండి ఉంటే సిడ్నీదే పైచెయ్యి అని చాలామంది భావన. నాదీ అదే.

మా బృందంలో అటవీశాఖలో పనిచేసి రిటైరైన పెద్దాయన ఒకరున్నారు. ఎక్కువ మాట్లాడరు. ఆరోజు పిల్లలతో అన్నారు: "నాయనా, జాడ పట్టడం వేరు, వెంటపడడం వేరు. జాడ పట్టేవాడు అడవిని చూస్తాడు. వెంటపడేవాడు ముందు పోయేవాడి వీపునే చూస్తాడు." 2013 డిసెంబరులో శేషాచలం అడవుల్లో ఎర్రచందనం దొంగల చేతుల్లో ఇద్దరు అటవీ అధికారులు చనిపోయారు. ఆ అడవులు మా జిల్లాలోకి కూడా వస్తాయి. ఆయన ఆ మాట అన్నాక తరమాలన్నవాళ్ళు కాసేపు ఏమీ అనలేకపోయారు.

మూడో దారిని అందరూ తేలిగ్గా దాటేశారు. అది నాకు బాధ కలిగించింది. బంగారు లేడి వెంట రాముడు వెళ్ళాడు, అన్న గొంతు వినబడి లక్ష్మణుడూ వెళ్ళాడు. పర్ణశాల దగ్గర ఎవరు మిగిలారు? పారిపోయే నౌక లేడి కాదని కెప్టెన్‌కు ఎలా తెలుసు? కాలుతున్న కేంద్రంలో గాలి గంటల లెక్కన తరిగిపోతుంటుంది. శత్రువును రేపైనా పట్టుకోవచ్చు, ఊపిరాడనివాళ్ళను రేపు కాపాడలేం. కాబట్టి నా వరుస ఇది: ముందు కేంద్రం, అదే సమయంలో ఒక చిన్న మానవరహిత నౌకను దూరం నుంచి జాడ పట్టడానికి పంపడం, మనుషులు కోలుకున్నాక శత్రువు రాక తప్పని చోట కాపు. తరమడం చిట్టచివర.

ఆ ఒకే పరిస్థితి ఏమిటంటే, మనవాళ్ళు వాడి నౌకలో బందీలుగా ఉండడం. అప్పుడు కాలం మన పక్షాన ఉండదు. కాపు కాస్తే గెలిచేది మనమే, కానీ చచ్చేది వాళ్ళు. అప్పుడు కూడా బయలుదేరకముందే గీత గీసుకోవాలి. నౌక బరువు 27 టన్నులకు దిగిన క్షణాన, శత్రువు ఎంత దగ్గరలో ఉన్నా సరే, ఆగే మంట వెలిగించాలి. వాడు మనకు కోటీ ఎనభై లక్షల కిలోమీటర్ల దూరంలో ఉంటే మనం చూస్తున్నది నిమిషం కిందటి వాడిని అని కూడా గుర్తుంచుకోవాలి. అందుతాడనిపించినవాడు అప్పటికే పక్కకు తిరిగి ఉండవచ్చు.

మా కథలో ఇద్దరు బందీలున్నారని గత ఆదివారం తేల్చారు. తరమడానికి నేను ఒప్పుకున్నాను, గీతతో సహా. ఆ గీత దాటమని కెప్టెన్ మీద ఒత్తిడి తెచ్చేది ఎవరన్నది ఇంకా రాయలేదు. పిల్లలు ఆయుధాల అధికారి అంటున్నారు. నౌకలోని వైద్యురాలైతే బాగుంటుందని నేనంటున్నాను. బందీల్లో ఒకడు ఆమె తమ్ముడు.