యాక్టివ్ బేస్ గిటార్ రివ్యూ: చెక్క పని బాగుంది, సౌండ్ మాత్రం పగులుతుంది

నాలుగు తీగలు, తీగల కదలికను కరెంటు సిగ్నల్‌గా మార్చే రెండు పికప్‌లు, బేస్, మిడ్, ట్రెబుల్‌కి మూడు నాబ్‌లు, వెనక 9 వోల్టుల బ్యాటరీతో నడిచే ప్రీయాంప్, అంటే ఆ సిగ్నల్‌ని పెంచే చిన్న సర్క్యూట్ (అందుకే దీన్ని యాక్టివ్ బేస్ అంటారు). ఆ ప్రీయాంప్‌ని పక్కన పెట్టి నేరుగా పికప్ సౌండ్ పంపడానికి ఒక పాసివ్ స్విచ్. నేను కొన్నది ఇదీ. కంపెనీ పేరు రాయడం లేదు. నేను పడ్డ తంటా బ్యాటరీ ఉన్న ఏ బేస్‌కైనా రావచ్చు.

నెక్ మీద ఫిర్యాదు లేదు. ఫ్రెట్ల (నెక్ మీది అడ్డ లోహపు పట్టీల) అంచులు చేతికి గుచ్చుకోవు, ట్యూనింగ్ నిలబడుతుంది. ఇక సౌండ్ సంగతి.

మెల్లగా వాయిస్తే నిండుగా ఉంటుంది. కాస్త గట్టిగా మీటితే, అందులోనూ అన్నిటికంటే లావు తీగ మీద, నోట్ మొదలవడమే బర్రుమంటూ పగులుతుంది. ఎవరైనా ముందు యాంప్‌నే తిడతారు. నేను ముందు గిటార్‌ని యాంప్‌కి పెట్టకుండానే వాయించాను. తీగ ఫ్రెట్‌కి తగులుతుంటే ఆ చప్పుడు అప్పుడూ వినపడాలి, వినపడలేదు. కేబుల్ మార్చాను, వేరే యాంప్‌కి పెట్టాను. అదే పగులు. పాసివ్ స్విచ్ నొక్కగానే సౌండ్ కడిగినట్టు శుభ్రంగా వచ్చింది! అంటే పికప్‌లు, జాక్ బాగానే ఉన్నట్టు. గొడవంతా ప్రీయాంప్ దగ్గరే.

వెనక పలక విప్పి బ్యాటరీకి మల్టీమీటర్ పెడితే ఏడు వోల్టులు దాటలేదు. కొత్త ఆల్కలైన్ బ్యాటరీ అయితే తొమ్మిది పైనే చూపిస్తుంది. ప్రీయాంప్ తనకు అందే వోల్టేజీని మించి సిగ్నల్‌ని పైకి ఎత్తలేదు. బ్యాటరీ నీరసించేకొద్దీ ఆ పైకప్పు కిందికి దిగుతుంది, అలల కొసలు తెగిపోతాయి. లావు తీగ ఓపెన్ నోట్ 41 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. అలాంటి కింది నోట్లకు అల పెద్దది కాబట్టి ముందు అక్కడే పగులుతుంది.

ఇక్కడే కంపెనీ మీద నాకు కోపం. ఈ జాకే బ్యాటరీకి స్విచ్ కూడా. కేబుల్ పెట్టి ఉంచితే, వాల్యూమ్ సున్నాలో ఉన్నా బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది. మాన్యువల్‌లో ఈ ముక్క లేదు. బ్యాటరీ అయిపోతోందని చెప్పే లైటూ లేదు. 1976లో మ్యూజిక్ మ్యాన్ కంపెనీ స్టింగ్‌రే బేస్ వచ్చిన నాటి నుంచి బేస్‌లో బ్యాటరీ మామూలు విషయమే కదా, ఒక్క చిన్న లైటు పెట్టడానికి ఏమైంది? పైగా బ్యాటరీ మార్చాలంటే నాలుగు స్క్రూలు విప్పాలి. అవి నేరుగా చెక్కలోకి దిగేవి, విప్పి బిగించే కొద్దీ రంధ్రాలు లూజ్ అవుతాయి.

కొత్త బ్యాటరీతో చాలావరకు సర్దుకుంది. స్లాప్ చేస్తే (బొటనవేలితో తీగను కొట్టి వాయిస్తే) మాత్రం ఇంకా కొంచెం మిగిలింది. చూస్తే ఫ్యాక్టరీలో పికప్‌లను తీగలకు మరీ దగ్గరగా బిగించారు. దానివల్ల సిగ్నల్ అవసరానికి మించి ప్రీయాంప్ మీద పడుతుంది, అయస్కాంతం తీగను లాగి నోట్‌ని వణికిస్తుంది కూడా. లావు తీగ వైపు స్క్రూని కొద్దికొద్దిగా తిప్పి దించుతూ, ప్రతిసారీ వాయించి చూసుకున్నాను. బేస్ నాబ్ పూర్తిగా పెంచే అలవాటున్నవాళ్లు దాన్ని మధ్యలో ఉంచి, ట్రెబుల్ తగ్గించి చూడండి. వినడానికి దాదాపు అంతే బరువుగా ఉంటుంది, ప్రీయాంప్‌కి ఊపిరాడుతుంది. రెండు బ్యాటరీలు కలిపి 18 వోల్టులు ఇమ్మని చాలామంది సలహా ఇస్తారు. ప్రీయాంప్ దానికి తట్టుకుంటుందని తయారీదారు చెబితేనే ఆ పని చేయాలి. ఈ మాన్యువల్ ఆ ఊసే ఎత్తలేదు, నేను జోలికి పోలేదు.

సర్వీస్ వాళ్లకు రాస్తే మొదట యాంప్ వాల్యూమ్ తగ్గించమన్నారు, తర్వాత పికప్ మార్చాలన్నారు. పికప్ చెడిపోయి ఉంటే పాసివ్‌లోనూ పగలాలి కదా అని అడిగాను. జవాబు లేదు. సర్వీస్‌కి నా మార్కులు సున్నా.

మీ దగ్గర యాక్టివ్, పాసివ్ రెండింటిలోనూ పగులుతుంటే యాంప్ వైపు చూడండి. సిగ్నల్ మితిమీరిందని చెప్పే క్లిప్ లైట్ వెలుగుతుంటే ఇన్‌పుట్ గెయిన్ తగ్గించి, మాస్టర్ వాల్యూమ్ పెంచండి. యాక్టివ్ బేస్‌ల కోసం సిగ్నల్ తగ్గించే ప్యాడ్ బటన్ ఉంటే నొక్కండి. ఏవో ఒకటి రెండు నోట్లకే బర్రుమంటుంటే స్పీకర్ కోన్ చిరిగిందో, క్యాబినెట్ స్క్రూ వదులైందో చూసుకోవాలి.

మొత్తానికి కొనచ్చు, ఐదుకి మూడున్నర. ఇదే బేస్ పాసివ్ స్విచ్ లేకుండా కాస్త తక్కువ ధరకి కూడా అమ్ముతున్నారు. అది మాత్రం తీసుకోకండి. కచేరీ మధ్యలో బ్యాటరీ పోతే అందులో సౌండ్ రావడానికి వేరే దారే ఉండదు.