ఎంహెచ్-జెడ్19బి సెన్సర్: పడకగదికి సరే, మిద్దె మీదికి కాదు

కార్బన్ డయాక్సైడ్ (సీఓటూ) మీటర్ ఇంట్లోనే చేసుకుందాం అనుకునేవాళ్ళు దయచేసి ఎంక్యూ-135 అనే సెన్సర్ జోలికి పోకండి. నూటయాభై రూపాయలకే వస్తోంది కదా అని నేనూ మొదట అదే కొన్నాను, కోఠీలో అడిగితే "సీఓటూకి ఇదే సార్, అందరూ ఇదే తీసుకుంటారు" అని చేతిలో పెట్టారు. అది అసలు సీఓటూని కొలవదు. లోపల వేడెక్కే టిన్ ఆక్సైడ్ పొర ఉంటుంది, దానికి అమ్మోనియా అయినా ఆల్కహాల్ అయినా పొగ అయినా ఒకటే. శానిటైజర్ రాసుకున్న చెయ్యి దగ్గర పెట్టి చూడండి, నంబరు ఎలా ఎగురుతుందో.

తర్వాత తెప్పించుకున్నదే ఈ ఎంహెచ్-జెడ్19బి. నాకు రెండు వేల చిల్లర పడింది. అగ్గిపెట్టె కన్నా చిన్నది, బంగారు రంగు డబ్బా. లోపల ఒక చివర బుల్లి బల్బు, రెండో చివర డిటెక్టర్. 4.26 మైక్రోమీటర్ల దగ్గర పరారుణ కాంతిని సీఓటూ మింగేస్తుంది కాబట్టి, అవతలికి ఎంత తక్కువ చేరిందో చూసి పీపీఎం, అంటే పది లక్షల గాలి అణువుల్లో సీఓటూవి ఎన్నో, చెబుతుంది. ఈఎస్‌పీ32 అనే చిన్న కంట్రోలర్ బోర్డుకి కలపడానికి నాలుగే వైర్లు. పవర్ మాత్రం 5 వోల్టులు ఇవ్వాలి, సిగ్నల్ 3.3 కాబట్టి నేరుగా కలిపేయొచ్చు. ఆన్ చేశాక మూడు నిమిషాలు ఆగండి, అప్పటిదాకా వచ్చే అంకెలు నమ్మొద్దు.

మొదటి రాత్రి పడకగదిలో పెట్టాం. తలుపులేసి, ఏసీ వేసుకుని ముగ్గురం పడుకుంటే తెల్లారేసరికి 1,900. స్ప్లిట్ ఏసీ బయటి గాలి లోపలికి తేదని తెలుసుగానీ, అంకె కళ్ళముందు కనిపిస్తే వేరు.

అసలు కథ వానల్లో మొదలైంది. వారం రోజులు కిటికీలు తీయలేదు, వారం చివర మధ్యాహ్నం ఇద్దరం కూర్చున్న మూసిన గదిలో మీటరు 420 చూపిస్తోంది! బయటి గాలే అంతకన్నా ఎక్కువ ఉంటుంది కదా. సెన్సర్ పోయిందనుకున్నా, పోలేదు, నేనే డేటాషీట్ (తయారీదారు ఇచ్చే వివరాల పత్రం) చదవలేదు. ఇందులో ఆటో కాలిబ్రేషన్ అని ఒకటి ఉంది. రోజు మొత్తంలో వచ్చిన అతి తక్కువ రీడింగ్‌నే స్వచ్ఛమైన గాలి, అంటే 400, అనుకుని దాన్నిబట్టి తన లెక్క సరిచేసుకుంటుంది. రోజూ కిటికీ తీసే ఇంట్లో పర్లేదు, మూసి ఉంచే గదిలో మెల్లగా అబద్ధాలు మొదలుపెడుతుంది. 0x79 కమాండ్‌తో దాన్ని ఆపేసి, మిద్దె మీద నీడలో అరగంట ఉంచి చేత్తో కాలిబ్రేట్ చేశాను. ఆ తర్వాత సరిపోయింది.

ఆ 400 కూడా పాత లెక్కే. హవాయిలోని మౌనా లోవాలో 1958లో చార్లెస్ కీలింగ్ అనే శాస్త్రవేత్త కొలవడం మొదలుపెట్టినప్పుడు 315 దగ్గర ఉండేది, 2024 సగటు 424 దాటింది. అంటే అరవై ఏళ్ళ పైచిలుకులో పెరిగిందంతా కలిపి 110 పీపీఎం. ఈ సెన్సర్ కొలతలో ఉండే తేడానే 50 పీపీఎం, దానికి తోడు రీడింగ్‌లో ఇంకొన్ని శాతం. మిద్దె మీద పెట్టి వాతావరణ మార్పు గ్రాఫ్ గీస్తానంటే నవ్వొస్తుంది. నేను గీశాను, అది వేరే విషయం.

డబ్బు ఇంకొంచెం పెట్టగలిగితే ఎస్‌సీడీ41 అనే సెన్సర్ చూడండి. తేమ, ఉష్ణోగ్రత కూడా అదే ఇస్తుంది, పైగా ఊరి ఎత్తు చెప్పుకోవచ్చు. హైదరాబాద్ సుమారు 540 మీటర్ల ఎత్తులో ఉంది, గాలి పీడనం విశాఖ కన్నా ఐదారు శాతం తక్కువ, పీడనం తగ్గితే రీడింగూ తగ్గుతుంది. జెడ్19బికి ఆ సంగతి చెప్పే దారి లేదు. ఎస్‌సీడీ41లో కూడా ఆటో కాలిబ్రేషన్ ఉంది, మూసిన గదికైతే దాన్నీ ఆపేయాల్సిందే.

నేను మాత్రం పాతదే వాడుతున్నా. 1,200 దాటితే బజర్ మోగేలా పెట్టాను, మోగగానే అమ్మే లేచి కిటికీ తీస్తోంది, దోమలొస్తే తిట్లు నాకు.