అట్లాంటిక్ దాటే క్రూజ్: తూర్పుకా, పడమరకా? పెద్దవాళ్ళతో వెళ్తే ఏది మేలు

మేం ఓడలో అట్లాంటిక్ దాటామని తెలిసిన దగ్గర్నుంచి ఇక్కడ డాలస్‌లో మావాళ్ళు, హైదరాబాద్‌లో చుట్టాలు, వాట్సాప్ గ్రూపుల్లో పెద్దగా పరిచయం లేనివాళ్ళు కూడా అడుగుతున్నది ఒకటే. అమెరికాలో ఎక్కి యూరప్‌లో దిగడం మంచిదా, యూరప్‌లో ఎక్కి అమెరికాలో దిగడం మంచిదా, అమ్మానాన్నల్ని తీసుకెళ్ళొచ్చా అని. ఒక్కొక్కళ్ళకీ విడిగా వాయిస్ మెసేజ్ పెట్టేకంటే ఇదే నయమని రాస్తున్నా. బఫే, షోలు, ఈతకొలను సంగతులు రాయట్లేదు, కరీబియన్ ట్రిప్పు ఒకటి చేసినవాళ్ళకి అవి తెలిసినవే.

ఓడలు చలికాలం కరీబియన్‌లో, ఎండాకాలం మధ్యధరాలో తిరుగుతాయి కదా, అందుకని ఏప్రిల్, మే నెలల్లో అటు పోతాయి, అక్టోబర్, నవంబర్‌లలో ఇటు వస్తాయి. రీపొజిషనింగ్ క్రూజ్ అంటే ఇదే. మామూలుగా 13 నుంచి 15 రాత్రులు. ఓడ ఎలాగూ వెళ్ళాలి కాబట్టి టికెట్ చవక, ఇన్‌సైడ్ క్యాబిన్ (కిటికీ లేని గది) అయితే మనిషికి రాత్రికి వంద డాలర్లలోపు కూడా దొరుకుతుంటాయి, దానిమీద టిప్పులు రోజుకి మనిషికి పదహారు నుంచి ఇరవై డాలర్ల దాకా, వైఫై వేరే, ఒకవైపు ఫ్లైట్ వేరే. ఈ లెక్క ఎటు వెళ్ళినా దాదాపు ఒకటే, కాబట్టి డబ్బుని బట్టి దిక్కు తేల్చుకోనక్కర్లేదు.

మేం రెండు దిక్కులూ చూశాం. తూర్పుకి నేనూ మా ఆయనా వెళ్ళాం, పడమరకి మా అత్తయ్యగారు మావయ్యగారితో కలిసి వచ్చాం. నా ఓటు పడమరకే. పెద్దవాళ్ళు వెంట ఉంటే మరీనూ.

దీనికి అసలు కారణం గడియారం. భూమి మీద 15 డిగ్రీలకి ఒక గంట తేడా అని స్కూల్లో చదువుకున్నదే. మయామీకి, బార్సిలోనాకి మధ్య ఆరు గంటలు (అక్టోబర్ చివరి ఆదివారం యూరప్ గడియారం మారాక, నవంబర్ మొదటి ఆదివారం అమెరికా గడియారం మారేలోపు ఆ ఒక్క వారం ఐదే). విమానంలో ఆ ఆరు గంటలూ ఒక్కసారే నెత్తిన పడతాయి, ఓడలో రోజుకో గంట చొప్పున, ఎక్కువగా నడి సముద్రంలో ఉండే రోజుల్లో పడతాయి. పడమరకి వస్తుంటే రాత్రి గడియారం ఒక గంట వెనక్కి తిప్పుతారు, ఆ రోజుకి 25 గంటలు. తూర్పుకి వెళ్తుంటే ముందుకి తోస్తారు, రోజుకి 23 గంటలే.

రాసేటప్పుడు ఒక్క గంటేగా అనిపిస్తుంది కానీ నాలుగైదు రోజులు తిరిగేసరికి తేడా బాగా తెలుస్తుంది. తూర్పుకి వెళ్ళేటప్పుడు నిన్నటి గంట ఇంకా సర్దుకోకముందే ఇవాళ్టి గంట పోతుంది, రాత్రి నిద్ర పట్టదు, పొద్దున లేవబుద్ధి కాదు, టిఫిన్ టైం అయిపోతుంది, డైనింగ్ రూమ్‌లో డిన్నర్‌కి రమ్మనేసరికి ఆకలే ఉండదు. వారం దాటేసరికి ఓడంతా కళ్ళు నలుపుకుంటూ తిరుగుతుంటారు, వయసు మళ్ళినవాళ్ళయితే పగలంతా కుర్చీల్లో కునుకుతుంటారు. కొన్ని ఓడల్లో ఇది తెలిసే తూర్పు ప్రయాణంలో రాత్రి బదులు మధ్యాహ్నం పన్నెండుకి ఒంటిగంట చేసేస్తారు, అలా అయితే నిద్ర పోదు, ఒక మధ్యాహ్నం పోతుంది. అది కొంత నయం. బుక్ చేసేముందు కనుక్కోండి.

పడమరకి వచ్చేటప్పుడు దీనికి పూర్తిగా వేరు. రాత్రి షో చూసి నిదానంగా వచ్చి పడుకున్నా ఎనిమిది గంటలు నిద్ర పడుతుంది. మావయ్యగారికి ఎలాగూ తెల్లవారుజామున నాలుగింటికే మెలకువ వస్తుంది, ఆయన ఆ టైంకి డెక్ మీదకెళ్ళి కాఫీ తాగుతూ సూర్యోదయం కోసం కూర్చునేవారు, మేం తీరిగ్గా లేచేవాళ్ళం, ఎవరికీ ఎవరివల్లా ఇబ్బంది లేదు. ఫ్లోరిడాలో దిగేరోజుకి అందరం అమెరికా టైంలోనే ఉన్నాం, ఇంటికొచ్చిన రాత్రి అత్తయ్యగారు పదింటికి పడుకుని ఆరింటికి లేచారు. అంతకుముందు విమానంలో వచ్చినప్పుడు ఆవిడకి వారం పైన రాత్రీ పగలూ ఏకమైపోయాయి.

ఇండియా నుంచి వచ్చే తల్లిదండ్రుల విషయంలో ఇది ఎందుకు ముఖ్యమో చెప్తా. హైదరాబాద్ నుంచి బార్సిలోనాకి తేడా అక్టోబర్‌లో మూడున్నర గంటలే, అదీ పడమర దిక్కే, రెండు మూడు రోజులు హోటల్లో ఉండి ఊరు చూస్తే సర్దుకుంటుంది. తర్వాత ఓడ. అంటే హైదరాబాద్‌కీ మయామీకీ మధ్య ఉన్న తొమ్మిదిన్నర గంటల్ని ముక్కలుముక్కలుగా, ఒంటికి తెలియకుండా దాటేస్తారు. ఇరవై గంటలు పైన విమానాల్లో కాళ్ళు ముడుచుకుని కూర్చునే బాధ లేదు. విమానాల్లో అంతకంటే బాగా తక్కువ సేపే, ఆపైన పడకా, నడకా, వేడి భోజనం. అమెరికాకి ఎలాగూ వస్తున్నారు, ఎలాగూ ఆరు నెలలు ఉంటారు, రెండు వారాలు ముందు బయల్దేరితే పోయేదేముంది?

తూర్పు పక్షాన ఒక బలమైన మాట ఉంది, దాన్ని దాటేయడం న్యాయం కాదు. విమానంలో తూర్పుకి వెళ్తేనే జెట్‌ల్యాగ్ ఎక్కువ, పడమరకి వస్తే తక్కువ. కాబట్టి కష్టమైన దిక్కుకి ఓడ, సులువైన దిక్కుకి విమానం అని అమెరికాలో ఉండేవాళ్ళు లెక్కేసుకోవచ్చు, యూరప్‌లో దిగిన రోజునుంచే తిరగొచ్చు. వయసులో ఉన్నవాళ్ళకి, ఓడ దిగాక రోమ్, ప్యారిస్ అని చక్కర్లు కొట్టాలనుకునేవాళ్ళకి ఇది సరైన లెక్కే. కానీ ఓడే ప్రయాణం, ఓడే సెలవు అనుకునేవాళ్ళకి ఆ పద్నాలుగు రోజులూ హాయిగా గడవాలి కదా, అక్కడ రోజుకో గంట పోగొట్టుకోవడం నాకు నచ్చలేదు.

రెండోది గాలి. కెనరీ దీవుల నుంచి కరీబియన్ వైపు వ్యాపార పవనాలు ఈశాన్యం నుంచి నైరుతికి వీస్తాయి. 1492లో కొలంబస్ కెనరీల్లోని లా గొమేరా నుంచి సెప్టెంబర్ 6న బయల్దేరి అక్టోబర్ 12కి బహామాస్ చేరింది ఈ గాలితోనే, తిరిగి వెళ్ళేటప్పుడు పైకి అజోర్స్ (అట్లాంటిక్ మధ్యలో పోర్చుగల్ దీవులు) మీదుగా వెళ్ళి తుఫానులో చిక్కుకున్నాడు. ఇప్పటి ఓడలకి తెరచాపల్లేవు, అయినా డెక్ మీద నడిచే మనిషికి గాలి గాలే. ఓడ గంటకి 35 కిలోమీటర్లతో పడమరకి పోతుంటే వెనకనుంచి గాలి దాదాపు అదే వేగంతో వస్తుంది, అందుకని డెక్ మీద గాలే లేనట్టుంటుంది, అత్తయ్యగారు చీర కొంగు ఎగురుతుందన్న బాధ లేకుండా పొద్దునా సాయంత్రం డెక్ చుట్టూ నడిచేవారు. అదే దారిలో తూర్పుకి వెళ్తే రెండు వేగాలూ కలిసి మొహాన కొడతాయి, పై డెక్ తలుపులు మూసేసే రోజులూ ఉంటాయి. పైగా పడమరకి వస్తుంటే రోజురోజుకీ వెచ్చబడుతుంది, తూర్పుకి వెళ్తే స్వెట్టర్లు ఒక్కోటీ బయటికొస్తాయి. హరికేన్ సీజన్ నవంబర్ 30 దాకా ఉంటుంది నిజమే, ఓడ దారి మార్చుకుంటుంది, ఒక రేవు పోవచ్చు. దానికి సిద్ధపడే వెళ్ళాలి.

రేవుల విషయంలో తూర్పుదే పైచేయి అని ఒప్పుకుంటా. తూర్పు రూట్లు చాలావాటిలో అజోర్స్‌లోని పొంటా డెల్గాడా వస్తుంది, ఏడెనిమిది రోజుల నీళ్ళ తర్వాత ఆ పచ్చదనం చూస్తే ప్రాణం లేచొస్తుంది. సెటె సిడాడెస్ జంట సరస్సులు, ఫుర్నాస్‌లో భూమి వేడికే పాతిపెట్టి వండే వంట, 1883 నుంచి నడుస్తున్న గొర్రియానా టీ తోట, యూరప్ ఖండం లెక్కలో టీ ఆకు పండే అరుదైన చోటు అది. పడమర రూట్లలో ఎక్కువగా మదీరాలోని ఫుంచాల్, లేదా టెనెరిఫ్ వస్తాయి, అవి ప్రయాణం మొదట్లోనే అయిపోతాయి, ఆ తర్వాత ఆరు నుంచి ఎనిమిది రోజులు నేల కనపడదు.

ఆ నీళ్ళ రోజులు అందరికీ పడవు. మీ నాన్నగారు రోజూ పేపరు, పార్కు, నలుగురితో కబుర్లు లేకపోతే ఉండలేని మనిషైతే ముందే ఆలోచించండి. కార్డ్ రూమ్‌లో రమ్మీ, సాయంత్రం పాటలు, లైబ్రరీ, మధ్యాహ్నం ఉపన్యాసాలు ఉంటాయి కానీ అన్నీ ఇంగ్లీషులోనే. మావయ్యగారు ఫోన్‌లో ప్రవచనాలు డౌన్‌లోడ్ చేసుకొచ్చారు, అవే ఆయన్ని కాపాడాయి. వైఫైని నమ్ముకోకండి, అన్నీ ముందే దింపుకోండి, ఫోన్ ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టడం పెద్దవాళ్ళకి నేర్పండి, లేకపోతే ఓడ టవర్‌కి తగులుకుని బిల్లు వాచిపోతుంది.

క్యాబిన్ గురించి. ఇద్దరే అయితే ఇన్‌సైడ్ చాలు. పెద్దవాళ్ళకి మాత్రం కిటికీ ఉండాల్సిందే, చీకటి గదిలో పొద్దున ఏదో రాత్రి ఏదో ఒంటికి తెలియదు, రోజుకో గంట మారే ప్రయాణంలో పొద్దుటి వెలుతురే మందు. ఓడ మధ్యలో, కింది అంతస్తుల్లో తీసుకోండి, ఊపు తక్కువ. బాల్కనీ తీసుకుంటే పడమర ప్రయాణంలో ఎడమ పక్క దక్షిణం అవుతుంది, ఎండ అటే ఉంటుంది. వికారానికి అల్లం మురబ్బా, డాక్టర్ రాసిన మాత్ర రెండూ ఉంచుకోండి, తిప్పడం మొదలయ్యాక కాదు, ముందే వేసుకోవాలి.

తిండికి భయపడక్కర్లేదు. మొదటి రాత్రే హెడ్ వెయిటర్‌కి శాకాహారం, కారం కావాలని చెప్తే రేపటి భోజనం ఇవాళే రాసుకుంటారు, పప్పు, కూర, అన్నం, పెరుగు దొరుకుతాయి. సీల్ ఉన్న పచ్చడి ప్యాకెట్లు, కారప్పొడి తీసుకెళ్ళండి. కెటిల్, రైస్ కుక్కర్, ఇండక్షన్ స్టవ్ మాత్రం వద్దు, స్కానింగ్‌లోనే పట్టుకుని దిగేదాకా దాచేస్తారు. చేతులు సబ్బుతోనే కడుక్కోవాలని పదేపదే చెప్పండి, ఓడల్లో వచ్చే నోరోవైరస్‌కి శానిటైజర్ సరిగా పనిచెయ్యదు.

మందులు చేతిసంచీలోనే, ప్రయాణం రోజులకంటే రెండు వారాలవి ఎక్కువే. ఇన్సూరెన్స్ తీసేటప్పుడు సముద్రంలో వైద్యం, ఎవాక్యుయేషన్ కవర్ అవుతాయా అని అడగండి, అమెరికా విజిటర్ పాలసీలు చాలావరకు అమెరికా గడ్డమీదే పనిచేస్తాయి. నడి అట్లాంటిక్‌లో హెలికాప్టర్ కూడా చేరలేని రోజులుంటాయి, ఓడలో డాక్టర్ ఉంటారు కానీ పెద్దాసుపత్రి ఉండదు. ఈమధ్యే గుండె ఆపరేషన్ అయినవాళ్ళని, డయాలసిస్ వాళ్ళని ఏ దిక్కుకీ తీసుకెళ్ళొద్దు.

వీసాల్లో ఇండియన్ పాస్‌పోర్ట్‌కి షెంగెన్ (చాలా యూరప్ దేశాలకి కలిపి ఒకటే వీసా) కావాలి, అమెరికా విజిటర్ వీసా ముందే స్టాంప్ అయ్యుండాలి. మధ్యలో మొరాకోలాంటి షెంగెన్ బయటి చోట ఆగి మళ్ళీ షెంగెన్ రేవుకి వచ్చే రూట్ అయితే షెంగెన్ మల్టిపుల్ ఎంట్రీ ఉండాలి. ఇక్కడ హెచ్1బీ మీద ఉన్నవాళ్ళు స్టాంప్ డేట్ చూసుకోండి, ఐ797 (హెచ్1బీ ఆమోదం కాగితం) ఒక్కటే చూపిస్తే ఓడ ఎక్కనివ్వరు.

క్వీన్ మేరీ 2 అనే ఓడ సంగతి కూడా అడిగారు. సౌతాంప్టన్ నుంచి న్యూయార్క్‌కి ఏడు రాత్రులు, 2004 నుంచి నడుస్తోంది, అలలకి తట్టుకునేలా కట్టిన అసలుసిసలు లైనర్, పొద్దున్నే స్వేచ్ఛా ప్రతిమ ముందునుంచి రావడం గొప్పగానే ఉంటుందట. దారి ఉత్తరంగా, చలిగా ఉంటుంది, మధ్యలో ఆగదు, షెంగెన్ బదులు యూకే వీసా. రెండు వారాలు సెలవు లేనివాళ్ళకి అదే మార్గం, అక్కడా పడమర దిక్కే తీసుకోండి. సరుకు ఓడల్లో ప్రయాణికులుగా వెళ్ళడం పెద్దవాళ్ళకి కుదిరే పని కాదు.

అక్టోబర్, నవంబర్ అంటే దీపావళి, కార్తీకం తగులుతాయి. క్యాబిన్‌లో దీపం, అగరుబత్తి వెలిగించనివ్వరు, బ్యాటరీ దీపాలు పెట్టుకెళ్ళండి. అత్తయ్యగారు కార్తీక సోమవారం ఉపవాసం ఉంటే సాయంత్రానికి వెయిటర్ పళ్ళు, పాలు విడిగా తెచ్చిపెట్టాడు.

ఏప్రిల్‌లో తప్ప సెలవు దొరకనివాళ్ళు తూర్పుకే వెళ్ళండి, మానుకోమనట్లేదు. కాకపోతే బయల్దేరే ముందు వారం నుంచే ఇంట్లో గంట ముందు పడుకుని గంట ముందు లేవడం అలవాటు చెయ్యండి, ఓడలో మధ్యాహ్నం కునుకు అరగంట దాటనివ్వకండి, డిన్నర్ మొదటి సీటింగ్ కాకుండా రెండోది తీసుకోండి, బీపీ, షుగర్ మాత్రలు ఏ గడియారం ప్రకారం వేసుకోవాలో డాక్టర్‌తో ముందే రాయించుకోండి. దిగాక మొదటి రోజు ఏ టూరూ పెట్టుకోవద్దు.