ఆటోల అమ్మే వర్మీ కంపోస్టు సంచి విప్పి చూడకుండ కొనకండ్రి

హన్మకొండ, కాజీపేట దిక్కు మిద్దె తోటలు పెట్టుకున్న అన్నలు, అక్కలు జర ఇది చదువుండ్రి, నేనైతే మోసపోయిన, మీ పైసలు గిట్ల పోవద్దని రాస్తున్న.

మృగశిర అయినంక నాలుగు చినుకులు పడంగనే మా గల్లీకి ట్రాలీ ఆటో వచ్చింది, మైకుల వర్మీ కంపోస్టు (ఎర్రల ఎరువు) అని ఒకటే అరుసుడు. 40 కిలోల సంచి 350 అన్నడు. నర్సరీల 10 కిలోలకే 150 దాకా తీసుకుంటున్నరు కదా అని ఆశపడి 6 సంచులు దింపిచ్చుకున్న, 2100 ఫోన్‌పే కొట్టిన. పైనున్న సంచి ఒక్కటే విప్పి చూపిచ్చిండు, అది నిజంగ మంచిగనే ఉండె, చాయ్‌పత్త లెక్క నల్లగ పొడిపొడిగ. మిగతా అయిదు కూడ విప్పియ్యాలన్న సోయి నాకు రాలే.

కుండీలల్ల సగం అదే నింపి టమాట, వంకాయ, చపాట మిర్చి నారు పెట్టిన. వారం తిరగకముందే ఆకులు పసుపుపచ్చగ అయినయి, మిర్చి నారు మొదలు కాడ మెత్తబడి ఒరిగిపాయె. నీళ్లు ఎక్కువైనయేమో అని రెండు రోజులు పొయ్యకుండ బంద్ పెట్టిన, అయినా అంతే. కుండీల వేలు పెట్టి చూస్తె లోపల గోరువెచ్చగ ఉన్నది, ముక్కు కాడికి తెస్తె మోరి వాసన.

అప్పుడు మా అమ్మ జల్లెడ తెచ్చి పాత పేపరు మీద ఒక సంచి జల్లించింది. షాంపూ పాకెట్ల ముక్కలు, పగిలిన గాజులు, ట్యూబ్‌లైట్ పెంకు ఒకటి, ఇంకా కుళ్లని నారింజ తొక్కలు. "ఇది ఎర్రలు తిని ఇడిసిన ఎరువు కాదు బిడ్డా, చెత్తకుప్ప మన్ను" అన్నది. ఆమె వేలు గాజు పెంకుకు కోసుకపోయింది, నాకు అన్నిటికన్న బాధ అదే. ఆకుకూరలు పెంచి పిల్లలకు పెట్టే మట్టిల ట్యూబ్‌లైట్ పెంకులు కలిపి అమ్ముతరా?

జరిగింది ఏందంటే, చెత్త మాగకముందే సంచుల నింపిండ్రు. మాగని చెత్త మట్టిల కలిస్తె దాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు మట్టిల ఉన్న నత్రజని అంత అవ్వే గుంజుకుంటయి, మొక్కకు అందదు, అందుకే ఆకులు పసుపైతయి. మాగేటప్పుడు పుట్టే వేడికి లేత వేర్లు తట్టుకోవు. వర్మీ కంపోస్టుకు 1985 ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కింద లెక్కలు ఉన్నయి: తేమ 15 నుంచి 25 శాతం, నత్రజని తక్కువల తక్కువ 1 శాతం, చెడు వాసన ఉండొద్దు, నూటికి 90 వంతులు 4 మిల్లీమీటర్ల జల్లెడల పడాలె. సంచి మీద తయారు చేసినోళ్ల పేరు, బరువు అచ్చు ఉండాలె. నా సంచులేమో యూరియా సంచులు లోపలిది బయటికి తిప్పి కుట్టినయి, అది ఇంటికొచ్చినంక చూసిన.

కొనే ముందు అడుగున ఉన్న సంచి విప్పిచ్చి లోపలికంట చెయ్యి పెట్టుండ్రి, వెచ్చగ ఉంటె వద్దు. ఒక గుప్పెడు తడిపి కవర్ల కట్టి మూడు రోజులు ఉంచి వాసన చూడుండ్రి, మాగిన ఎరువైతె వాన పడ్డ మట్టి వాసనే వస్తది. ఒక చిన్న డబ్బల అది నింపి మెంతులు చల్లినా తెలుస్తది, మంచిదైతె నాలుగైదు రోజులల్ల మొలుస్తయి.

పోయిన బతుకమ్మకు మిగిలిన గునుగు కాడలు, తంగేడు రెమ్మలు, ఎండాకులు పాత పెయింటు డబ్బల ఏసి మధ్య మధ్యల వంటింటి తొక్కలు కలిపిన, ఎండాకు రెండు మూడు వంతులైతె తడి చెత్త ఒక వంతు, డబ్బకు బొక్కలు కొట్టి వారానికోసారి తిప్పిన. వచ్చిన ఎరువు రెండు కుండీలకే సరిపోయింది. మాది చెల్క నేల, నీళ్లు పోస్తె నిలవదు, ఆ రెండు కుండీలల్ల మాత్రం తడి ఆగుతున్నది, వంకాయ పూత మీదున్నది. ఇప్పుడు ఇంకో మూడు డబ్బలు పెట్టిన.

ఆ ఆటో ఆయన ఫోన్ మొదలు ఎత్తిండు, చూస్త అన్నడు, తెల్లారి నుంచి స్విచాఫ్. బిల్లు లేదు, ఫోన్‌పే ఎంట్రీ, సంచుల ఫొటోలు పట్టుకొని వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 కు ఫోన్ చేసి ఫిర్యాదు రాయిచ్చిన, మండల వ్యవసాయ అధికారికి కూడ చెప్పిన. ఇంక మూడు సంచులు గేటు పక్కనే కుట్టు విప్పకుండ ఉన్నయి, అధికారి వచ్చి చూసేదాక అట్లనే ఉంచుత.